నీళ్లు తీసే వేళ

వానాకాలంలో మా బడికి పోవాలంటే వాగు దాటాలి. ఇవతల ఒడ్డున నిలబడి అవతలి గూడెం పెద్దాయన్ని కేకేసి అడుగుతాను, "తాతా, తీసిందా?" అని. ఆయన వాగులో ఒక బండ వైపు చూస్తాడు. బండ నెత్తి కనబడితే రమ్మంటాడు. లేకపోతే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. నేను రిజిస్టర్ల సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరుగుతాను.

ఒకరోజు అయిదో తరగతి పిల్లలకు పసిఫిక్ మహాసముద్రం చూపించబోయి, అట్లాసులో చుక్కల్లాంటి దీవుల దగ్గర ఆగిపోయాను. తర్వాత వాటి గురించి దొరికినంత చదివాను. భూమధ్యరేఖ దగ్గర కిరిబాటి అనే దేశం. రాసేది అలా, అక్కడివాళ్లు పలికేది కిరిబాస్ అని. 33 దీవులు, మొత్తం నేల 811 చదరపు కిలోమీటర్లు. రాజధాని ఉన్న తరావా ఒక్క దీవి కాదు. నడుమ ఉప్పునీటి మడుగు, దాని అంచున పగడపు గట్టు, గట్టు మీద తెగిన పూసల దండలా చిన్న చిన్న దీవులు. పోటు వేళ దీవికీ దీవికీ మధ్య సముద్రం. ఆటు వేళ నీళ్లు తీస్తే గట్టు బయటపడుతుంది. ఉత్తర తరావాలో జనం తరతరాలుగా ఆ గట్టు మీదే ఒక దీవి నుంచి ఇంకో దీవికి నడిచారు. కొన్నిచోట్ల చీలమండ లోతు, కొన్నిచోట్ల మోకాటి లోతు. పగడం కాలు కోస్తుంది, చూసి అడుగు వెయ్యాలి. ఆడవాళ్లు ఆ వేళకే దిగి ఇసుకలో తే బున్ అనే గుల్లలు ఏరుకుంటారు. చేరాల్సిన చోటు ఎంత దగ్గరైనా నీళ్లు తిరిగి ఎక్కేలోపు చేరాలి.

ఆ దారికి టైం టేబులు చంద్రుడిది. ఒక ఆటుకీ మరో ఆటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రేపటి ఆటు ఇవాళ్టి కంటే 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పున్నానికీ నీళ్లు బాగా ఎక్కి బాగా తీస్తాయి. అష్టమి దగ్గర రెండూ తక్కువే. తొమ్మిదింటికి హాజరు పడాలంటే సముద్రం వినదు. మా ఫోన్లో హాజరు యాప్ పెట్టినవాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారో!

1943 నవంబరు 20న జపాను సైన్యం మీదికి అమెరికా సైన్యం తరావాలోని బెసియో దీవిలో దిగింది. అది అష్టమి దగ్గరి రోజు. ఆ దీవుల్లో ఉండి వచ్చిన ఫ్రాంక్ హాలండ్ అనే ఆయన నీళ్లు చాలవని ముందే హెచ్చరించాడు. పడవలు పగడపు గట్టుకు తట్టుకుని ఆగిపోయాయి. సైనికులు నీళ్లలో దిగి, తుపాకులకు ఎదురుగా వందల గజాలు నడిచారు. మూడు రోజుల యుద్ధంలో వెయ్యిమందికి పైగా అమెరికన్లు, నాలుగువేలకు పైగా జపాను వైపువాళ్లు చనిపోయారు. నీళ్ల సంగతి తెలిసినవాడి మాట అప్పుడూ చెల్లలేదు.

1987లో జపాను సాయంతోనే బెసియోను పక్క దీవితో కలుపుతూ మూడు కిలోమీటర్ల పైచిలుకు కట్ట రోడ్డు వేశారు. పడవ కోసం కాచుకునే బాధ తప్పింది. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. నెలలు నిండిన ఆడమనిషిని మంచం మీద మోసుకుంటూ వచ్చి, వాగు ఒడ్డున రాత్రంతా కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. తెల్లారేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

కానీ దక్షిణ తరావాలో వేసిన కట్టలతో ఇకారి అనే చేప గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోయే దారులు మూసుకుపోయాయి. ఇది ముందు చెప్పింది అక్కడి ముసలి జాలర్లు. చేపల శాస్త్రజ్ఞులు వాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నారు. స్తంభాల మీద వంతెన వేరు, మట్టీ రాళ్లూ పోసిన కట్ట వేరు. మా వాగుకు కూడా వంతెన అడిగితే రెండు తూములు పెట్టి చప్టా వేశారు. మొదటి వానకే తూముల్లో దుంగలు ఇరుక్కున్నాయి, రెండో ఏడు చప్టా సగం కొట్టుకుపోయింది. వేసేముందు బండ చూసే తాతను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇదంతా పిల్లలకు చెప్పి, బోర్డు మీద తరావా బొమ్మ గీశాను. వెనక బెంచీ పిల్ల లేచింది. "సారూ, వాళ్ల నీళ్లు ఎప్పుడొస్తాయో చంద్రుడు చెబుతాడు గదా. మన వాగు ఎప్పుడొచ్చేదీ ఎవరు చెబుతారు?"

మా దగ్గర చుక్క పడకపోయినా పైకొండ మీద వాన పడితే చాలు, వాగు వచ్చేస్తుంది. ఆ పిల్ల ఇల్లు అవతలి ఒడ్డున. కిటికీలోంచి కొండ వైపు చూశాను. నల్లగా ఉంది. మూడు కాకముందే అవతలి పిల్లలను పంపించేశాను.