మెల్బా లిస్టన్ – ఒక్క రికార్డు

నాకు సంగీతశాస్త్రం తెలియదు. వినటం మాత్రమే తెలుసుననుకునేవాణ్ణి. అది కూడా సరిగా తెలియదని ఆలస్యంగా బోధపడింది. ఆ సంగతి ఒప్పుకోవటానికే ఈ వ్యాసం.

కొన్నేళ్ళ కిందట ఒక సాహిత్యసభలో ‘ఉహురూ ఆఫ్రికా’ గురించి మాట్లాడాను. ఉహురూ అంటే స్వాహిలీ భాషలో స్వేచ్ఛ. ఒక్క 1960లోనే పదిహేడు ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయినాయి. ఆ సంవత్సరం నవంబరులో నల్లజాతి పియానో విద్వాంసుడు రాండీ వెస్టన్ పెద్ద వాద్యబృందంతో న్యూయార్కులో ఆ ఆల్బం రికార్డు చేశాడు. దానికి మాటలు రాసినవాడు లాంగ్‌స్టన్ హ్యూజ్. 1964లో దక్షిణాఫ్రికా జాత్యహంకార ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నేను ఇదంతా ఉద్రేకంగా చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. సభ ముగిశాక ఒక విద్యార్థిని వచ్చి, “అంతమంది వాద్యగాళ్ళు కదండీ, ఎవరు ఎక్కడ ఏం వాయించాలో రాసిందెవరు?” అని అడిగింది. “వెస్టనే” అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

తప్పు చెప్పాను. ఇతివృత్తాలు వెస్టన్‌వే. కాని వాటిని అంత పెద్ద బృందానికి విస్తరించి, ఒక్కొక్క వాద్యానికీ దాని భాగం రాసి ఇచ్చింది మెల్బా లిస్టన్. వెస్టన్ ఈ రుణాన్ని దాచలేదు; జీవితమంతా చెబుతూనే వచ్చాడు. చిన్న అక్షరాలు చదవని అలవాటు నాది.

మెల్బా లిస్టన్ 1926లో కాన్సాస్ సిటీలో పుట్టింది. ఏడేళ్ళ వయసులో ఆమె ట్రాంబోను చూసి మోజుపడింది. తక్కిన ఇత్తడి వాద్యాల్లో చాలావాటికి మీటలుంటాయి. దీనికి ఉన్నది ముందుకూ వెనక్కూ జరిగే గొట్టం. ఆ గొట్టానికి ఏడు స్థానాలు. ఏ స్థానం ఎక్కడుందో చెప్పటానికి గుర్తులేవీ ఉండవు. చెవీ చెయ్యీ కలిసి వెతుక్కోవాలి. చివరి స్థానాలకు చిన్నపిల్ల చెయ్యి అందదు. అయినా వదలలేదు. 1937లో కుటుంబం లాస్ ఏంజెలెస్ చేరింది. 1943లో, పదిహేడేళ్ళకే, జెరాల్డ్ విల్సన్ బృందంలో చేరింది. మగవాళ్ళ మధ్య ట్రాంబోను ఊదే ఆడపిల్ల ఆనాడు ఒక వింత. వింతగా చూడటంతో సరిపెట్టుకోలేదు కొందరు. ప్రయాణాల్లో తన మీద జరిగిన దౌర్జన్యాల గురించి ఆమె తర్వాతి కాలంలో తానే చెప్పింది.

1949లో బిల్లీ హాలిడేతో దక్షిణాది రాష్ట్రాలకు వెళ్ళిన పర్యటన దెబ్బతిన్నది. జనం రాలేదు, డబ్బు రాలేదు. విసిగిపోయి లిస్టన్ వాద్యాన్ని పక్కన పెట్టి, లాస్ ఏంజెలెస్ విద్యాబోర్డులో గుమాస్తాగా చేరింది. సినిమాల్లో చిన్నచిన్న వేషాలు కూడా వేసింది. 1956 నాటి ‘టెన్ కమాండ్‌మెంట్స్’లో ఆమె కనిపిస్తుంది. ఒక కళాకారిణి గుమాస్తా అయిందంటే అది ఆమె స్వభావదోషం కాదు. ఆనాటి సంగీత వ్యాపారంలో ఆమెకున్న చోటు అంతే.

1956లో డిజీ గిలెస్పీ ఆమెను తిరిగి పిలిచాడు. అమెరికా విదేశాంగశాఖ ఖర్చుతో ఆ బృందం పశ్చిమాసియాకూ, కరాచీకీ, ఢాకాకూ వెళ్ళింది. మన దేశానికి రాలేదు. తమ దేశంలో జాతివివక్ష లేదని లోకాన్ని నమ్మించటానికి నల్లవారూ తెల్లవారూ కలిసిన బృందాన్ని ప్రభుత్వం ఊరేగించిన ఆ రోజుల్లోనే, మాంట్‌గొమరీలో నల్లజాతి ప్రజలు బస్సులెక్కటం మానేసి కాళ్ళీడ్చుకుంటూ పనులకు పోతున్నారు. ఇక బృందం లోపలి సంగతి. ఈ ఆడమనిషిని ఇంతదూరం నుంచి ఎందుకు రప్పించావని కొందరు గిలెస్పీ దగ్గర సణిగారట. ఆయన వాదించలేదు. ఆమె రాసి తెచ్చిన కూర్పును వాళ్ళ ముందు పెట్టి వాయించమన్నాడు. వాళ్ళు తడబడ్డారు. సణుగుడు ఆగింది. ఈ కథ లిస్టన్ స్వయంగా చెప్పింది.

ఇంత పనిచేసిన మనిషి తన నాయకత్వంలో చేసిన ఆల్బం ఒకే ఒక్కటి: ‘మెల్బా లిస్టన్ అండ్ హర్ బోన్స్’. బోన్స్ అంటే ట్రాంబోన్లకు వాద్యగాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. 1958 డిసెంబరులో, క్రిస్మస్ ముందు రోజుల్లో, దాన్ని రికార్డు చేశారు. బెన్నీ గ్రీన్, ఆల్ గ్రే, బెన్నీ పావెల్, జిమ్మీ క్లీవ్‌లండ్, ఫ్రాంక్ రెహాక్, స్లైడ్ హాంప్టన్ ఆమెతో వాయించారు. ఆ ఆల్బం చాలాకాలం దొరకలేదు. తర్వాత రీమాస్టర్ అయి సీడీగా వచ్చింది.

నేను మొదట విన్నది ఎవరో పాత రికార్డు నుంచి ఎక్కించుకున్న ప్రతి. అందులో ట్రాంబోన్లన్నీ కలిసి ఒకే ముద్దగా వినిపించినాయి. అందుకు కారణముంది. అవన్నీ దాదాపు ఒకే స్థాయిలో, మగవాడి గొంతు పలికే మేరలోనే పలుకుతాయి. ప్రతి చెడితే దేనికది విడదీయటం కష్టం. రీమాస్టర్ చెయ్యటమంటే లేని స్వరాన్ని చేర్చటం కాదు. బుసనూ గరగరనూ తగ్గించి, మరుగునపడ్డ ధ్వనులను తూకంలోకి తేవటం. శుభ్రపడిన ప్రతి వింటుంటే ఆ ముద్ద విడిపోయింది. పైన ఒకరు పాట నడుపుతుంటే, కింద ఇద్దరు దానికి దారి వేస్తున్నారు. మధ్యనున్నవారు ఒక్క అడుగు పక్కకు జరిగేసరికి పాట రంగే మారిపోతున్నది. ఎవరూ చప్పట్లు కొట్టని ఆ మధ్యగొంతులను రాసిందే లిస్టన్. ఆ తరవాత ‘ఉహురూ ఆఫ్రికా’ మళ్ళీ పెట్టుకుని విన్నాను. నేను ఉపన్యాసమిచ్చిన ఆల్బం అది కాదనిపించింది.

ఈ రికార్డును ఆకాశానికెత్తటం నా ఉద్దేశం కాదు. ఇందులో ఒక సినిమా పాట ఉంది. ఒక టెలివిజన్ కార్యక్రమం పాట కూడా ఉంది. కంపెనీ సరుకు అమ్ముడుపోవాలి గదా! తానే ముందు నిలబడి ఊదవలసిన చోట కూడా లిస్టన్ తక్కినవాళ్ళకు జాగా ఇస్తుంది. దీన్ని కొందరు వినయమంటారు. నాకు సందేహం. పదిహేనేళ్ళపాటు వెనక వరసలో కూర్చోబెడితే ఎవరికైనా వినయం అలవడుతుంది. అయితే ఇతరుల గొంతు పలికించటంలో ఆమె పొందిన ఆనందం కూడా నిజమే. ఈ రెండింటిలో ఒక్కదాన్నే చెబితే ఆమెకు అన్యాయం చేసినట్టే.

1973 నుంచి 1979 దాకా ఆమె జమైకాలో సంగీతం బోధించింది. 1985లో పక్షవాతం వచ్చింది. మళ్ళీ ట్రాంబోను ఊదలేకపోయింది. కంప్యూటరు సహాయంతో స్వరాలు రాయటం నేర్చుకుని, వెస్టన్‌కే 1990ల్లో మరికొన్ని కూర్పులు చేసిచ్చింది. 1987లో ‘జాజ్ మాస్టర్’ గౌరవం దక్కింది. 1999 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో మరణించింది.

శ్రమను గురించి మనం చాలా రాస్తాం. కళ సమష్టి సృష్టి అంటాం. తీరా విమర్శ రాయటానికి కూర్చుంటే మనకు ఒక్క పేరు చాలు. బుర్రకథ చెప్పిన కథకుడి పేరు గుర్తుంచుకుంటాం. రాత్రంతా పక్కన నిలబడి వంతపాడిన ఇద్దరి పేర్లూ అడగం. పాతబడిన రికార్డును యంత్రం శుభ్రం చేస్తుంది. ఒక్క పేరుతో తృప్తిపడే మన చెవిని శుభ్రం చేసే యంత్రం లేదు. ఆ పని విమర్శకుడు చెయ్యాలి, ముందు తన చెవితో మొదలుపెట్టి.

ఆ విద్యార్థిని మళ్ళీ నాకు కనిపించలేదు. ఆమె ప్రశ్నకు జవాబు ఇది.