కాచిగూడ స్టేషన్: గుమ్మటాల కింది కాంక్రీటు

హైదరాబాదులో 1916లో నిర్మితమైన కాచిగూడ రైల్వే స్టేషన్ గుమ్మటాలను, వాటిని అంటిపెట్టుకున్న మీనార్లను చూసినవారు దానిని పాతకాలపు రాతికట్టడంగా భావించడం సహజమే గాని, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ఇక్కడ ప్రీకాస్ట్ కాంక్రీటును, అంటే విడిగా అచ్చుపోసి గట్టిపడ్డాక తెచ్చి అమర్చే భాగాలను, ఉపయోగించాడు. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి భవనాలకూ రూపకల్పన చేసిన ఎష్, మొఘల్ రూపాలను ఐరోపా నిర్మాణ విధానంతో మేళవించే ఇండో-సారసెనిక్ శైలిని కొత్త పదార్థంలో సాధించడమే ఈ కట్టడపు అసలు విశేషం. పర్యాటక పుస్తకాలు మాత్రం గుమ్మటాల దగ్గరే ఆగిపోతాయి.

ఈ స్టేషన్‌ను నడిపిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, అనగా పెట్టుబడిపై నిర్ణీత వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీపడిన కంపెనీ, 1930లో ప్రభుత్వపరమైంది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు వచ్చిన మార్గం బ్రాడ్‌గేజి కాగా, హైదరాబాదు నుంచి మన్మాడ్‌కు సాగిన గోదావరి లోయ మార్గం పట్టాల మధ్య ఒక మీటరే ఎడముండే మీటరుగేజి కావడంతో, ఒక దారి బండి రెండో దారిన నడవక సరుకును దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది.