కొండదారిలో కూలి, మొక్కు

చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. పూతలపట్టు దాటితే దారికిరువైపులా మామిడి తోపులు, నడుమ బండరాళ్ల గుట్టలు. చంద్రగిరి కోట కనిపించేసరికి శేషాచలం ఆకాశాన్ని సగం ఆక్రమించుకుంటుంది. మోపెడ్లు వచ్చాక తగ్గారుగాని, సైకిలు మీద బరువులు వేసుకుని పోయేవారు ఇంకా తారసపడుతూనే ఉంటారు. మిట్ట వస్తే దిగి తోస్తారు. అందులో వారికి నామోషీ ఏమీ లేదు.

ఉండనక్కరలేదు కూడా. ఆక్టేవ్ లపీజ్ అనే ఫ్రెంచి వీరుడూ ఆ పనే చేశాడు. 1887లో పారిస్‌లో పుట్టిన లపీజ్‌కు సైకిలు తొక్కడమే జీవనోపాధి. పారిస్-రూబే పందెంలో 1909 మొదలు వరసగా మూడేళ్లు గెలిచాడు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు పందెగాళ్లను మొదటిసారి పిరనీస్ పర్వతాల పెద్ద కనుమలమీదికి తోలారు. జూలై 21న ఒక్కరోజు ప్రయాణమే 326 కిలోమీటర్లు. దారిలో 2,115 మీటర్ల ఎత్తున తూర్మలే కనుమ. ఇప్పటిలా గేర్లు మార్చే సాధనం లేదు. ఆ పందెంలో దానికి 1937లో గాని అనుమతి రాలేదు. తూర్మలేను దిగకుండా ఎక్కిన గారిగూకు నూరు ఫ్రాంకుల బహుమానం దక్కింది. కాని శిఖరం ముందుగా దాటింది, కొంత తొక్కి కొంత తోసిన లపీజే!

తరువాతి కనుమ ఆబిస్క్. అక్కడ నిర్వాహకులు కనబడగానే లపీజ్ వారిని హంతకులని తిట్టాడు. అయినా ఆనాటి గెలుపు అతనిదే. 4 పాయింట్ల తేడాతో ఫాబేర్‌ను మించి ఆ ఏటి టూర్ కూడా గెలిచాడు. తరువాత ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫాబేర్ 1915లో పోయాడు. లపీజ్ 1917 జూలై 14న, యుద్ధవిమానం నడుపుతూ, 29 ఏళ్లకే నేలకూలాడు.

మన తిరుమలకు బండ్లదారి పడింది 1944లో. 19 కిలోమీటర్లలో 36 మలుపులు. 1974లో రెండో దారి వచ్చాక పాతది దిగేవారి దారి అయింది. అయినా అలిపిరి దగ్గర 3,550 మెట్లూ ఎక్కేవారికి కొదవ లేదు. మోకాళ్ల పర్వతం మీద మోకాళ్లతో పాకే భక్తుడు ఎవరినీ హంతకుడనడు. ఆ కష్టం అతడు కోరి మొక్కుకున్నది. లపీజ్‌ది కూలి కష్టం. కొండను ఎంచినవారు మోటారులో వచ్చారు. అతని తిట్టులో అలసట ఒక్కటే కాదు, న్యాయమూ ఉందని నా నమ్మకం.

తిరుపతి వెళ్లే పాఠకులు ఒకసారి మెట్లదారిన ఎక్కి, పాత దారిన బస్సులో దిగి చూడండి. ఎక్కడంలోని కష్టమెంతో, ఎక్కించడంలోని సుఖమెంతో ఒక్కరోజులోనే తెలిసివస్తుంది.