ముందు గోడ ప్లగ్గు, తర్వాత గ్రాఫిక్స్ కార్డు

రండి, కూర్చోండి. బయట ముసురు పట్టింది, ఇప్పట్లో వదిలేలా లేదు. టీ మరుగుతోంది. ఈలోగా మా మేనల్లుడి కంప్యూటర్ సంగతి చెప్తాను. మీ ఇంట్లోనూ ఇంటరు అయిపోయిన పిల్లలుంటే ఈ కబురు తప్పకుండా అక్కరకొస్తుంది.

పోయిన నెల మా అక్క కొడుకు ఓ కాగితం పట్టుకుని వచ్చాడు. ఇంజనీరింగులో సీటొచ్చింది, వాళ్ల నాన్న కంప్యూటర్ కొనిస్తానన్నాడు. మానిటర్ కాకుండా 80 వేలు, అంతకు మించి పైసా లేదు. "మావయ్యా, లిస్టు రెడీ. నువ్వు ఊఁ అంటే రేపే సీటీసీకి పోదాం" అన్నాడు. సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్‌లో కంప్యూటర్ పార్టులు కొనాలంటే అందరి నోటా ముందు వచ్చే పేరు అదే.

కాగితం చూశాను. సగానికి సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోసేశాడు. కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పేరు రాసి, దాని ఎదురుగా "కేబినెట్‌తో ఫ్రీ" అన్నాడు. అక్కడ నా చూపు ఆగిపోయింది. ఆ ఒక్క మాట దగ్గరికి మళ్లీ వస్తాను, గుర్తుపెట్టుకోండి.

కాగితం తిరగేసి, వెనక తెల్లగా ఉన్న వైపు పెన్సిలు ఇచ్చాను. "పార్టులు తర్వాత. ముందు ఈ కంప్యూటర్ మీద ఎవరెవరు కూర్చుంటారో రాయరా" అన్నాను. వాడి పేరు రాసి ఆగాడు. కాసేపు ఆలోచించి వాళ్లమ్మ పేరు రాశాడు. అక్క ఇంటి దగ్గరే రెండు మూడు షాపుల లెక్కలు ట్యాలీలో రాస్తుంది, నెల నెలా జీఎస్టీ రిటర్నులు వేస్తుంది. తర్వాత చెల్లెలి ఆన్‌లైన్ క్లాసులు, బావ దాచుకునే పెళ్లిళ్ల ఫోటోలు. చూశారా, వాడు తెచ్చిన లిస్టులో నలుగురిలో ఒక్కడే ఉన్నాడు. ఇంటి కంప్యూటర్ కొనేటప్పుడు మొదట చూసుకోవాల్సింది ఇదేనండీ. ఎవరు, ఏ పనికి, ఎన్నేళ్లు?

ఆ తర్వాత మానిటర్. చాలామంది దీన్ని చివర్లో కొంటారు, కానీ లెక్క ఇక్కణ్ణించే మొదలవుతుంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440పీ అంటే దగ్గర దగ్గర 37 లక్షలు. 4కే అంటే 83 లక్షలు. ఆట ఆడుతున్నంతసేపూ గ్రాఫిక్స్ కార్డు ఈ చుక్కలన్నిటికీ రంగు వేస్తూనే ఉండాలి, సెకనుకు అరవై సార్లో నూట నలభై సార్లో. తెర పెద్దదైతే కార్డు పెద్దదవ్వాలి, కార్డుతో పాటు ఖర్చూ. మధ్యతరగతి బడ్జెట్‌కి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ లేదా ఆపైన, ఐపీఎస్ ప్యానెల్ చక్కగా సరిపోతుంది. 60 హెర్ట్జ్ తెర మీద బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144 మీద 6.9కే మారుతుంది. ఆ తేడా ఆటలోనే కాదు, అక్క ట్యాలీలో పేజీ కిందికి జరిపినప్పుడు కూడా కంటికి హాయిగా తెలుస్తుంది.

తెర ఖాయమయ్యాక మిగిలినవాటికి నేను రూపాయి లెక్క వేస్తాను. రూపాయిలో 35 పైసలు గ్రాఫిక్స్ కార్డుకి, 20 ప్రాసెసర్‌కి, 12 మదర్‌బోర్డుకి, 22 ర్యామ్‌కీ ఎస్‌ఎస్‌డీకీ కలిపి, 7 ఎస్‌ఎంపీఎస్‌కి, 4 కేబినెట్‌కి. ఒకటి రెండు పైసలు అటూ ఇటూ జరగొచ్చు. ఒకదాని వాటా పదిహేను పైసలు పెరిగిందంటే మాత్రం ఇంకోటి పస్తుంటుంది.

గ్రాఫిక్స్ కార్డులో పేరు ఎంత ముఖ్యమో, పేరు పక్కనున్న మెమరీ అంకె అంత ముఖ్యం. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ అనే కార్డు 8 జీబీలోనూ దొరుకుతుంది, 16 జీబీలోనూ దొరుకుతుంది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కూడా అంతే. పేరొక్కటే, లోపల సరుకు సగం. ఫుల్ హెచ్‌డీకి ఇవాళ 8 జీబీతో నడిచిపోతుంది. కొత్త ఆటల్లో బొమ్మల నాణ్యత పై మెట్టుకి పెడితే అది నిండిపోయి ఆట తడబడుతుంది. అయిదేళ్లు వాడాలనుకుంటే, ధర అందుబాటులో ఉన్నప్పుడు, పెద్ద మెమరీ వైపే మొగ్గండి.

ప్రాసెసర్ అనగానే ఓ మాట. మన ఇళ్లలో మొత్తం డబ్బానే సీపీయూ అంటాం. షాపులో మాత్రం సీపీయూ అంటే అరచేతిలో పట్టే ఆ చిన్న చిప్పే. అక్కడ ఆ మాట దగ్గర తికమక పడకండి. మా వాడికి రైజెన్ 5 7600 చెప్పాను. 6 కోర్లు, 12 థ్రెడ్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది. కారణాలు రెండున్నాయి. ఒకటి, అది ఏఎం5 సాకెట్టుది. ఆ సాకెట్టుని 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. అంతకు ముందున్న ఏఎం4 మీదకి 2017లో మొదటి రైజెన్లు వచ్చాయి, 2024లో కూడా కొత్త చిప్పులు దిగాయి. అంటే మదర్‌బోర్డు మార్చకుండా మూడు నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకోవచ్చు.

రెండో కారణం ఇంటికి సంబంధించింది. 7600 లోపల చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంది. ఆటలకు పనికిరాదు, తెర మీద బొమ్మ రావడానికి చాలు. పేరు చివర ఎఫ్ ఉన్న చిప్పుల్లో అది ఉండదు. ఇంటెల్ ఐ5 12400ఎఫ్ అయినా, రైజెన్ 5 7500ఎఫ్ అయినా అంతే, అందుకే అవి కాస్త చవక. రేపు గ్రాఫిక్స్ కార్డు వారంటీకి పోతే ఎఫ్ చిప్పున్న కంప్యూటర్ తెర నల్లగానే ఉంటుంది. సరిగ్గా ఆ వారంలోనే అక్క రిటర్ను వేయాల్సిన గడువు వస్తే? ఇలాంటప్పుడే కాగితం వెనక రాసుకున్న పేర్లు పనికొస్తాయి.

ర్యామ్ 16 జీబీకి తక్కువ వద్దు. అదీ ఒకే ముక్క కాకుండా 8, 8 రెండు ముక్కలు. రెండైతే ప్రాసెసర్‌కి రెండు దారుల్లో సమాచారం అందుతుంది. ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే పడుతుంది, పాత డీడీఆర్4 గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి అసలు దిగదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాయి. అందుకే కొనేరోజు ధర ఆ రోజే అడగండి, పాత కొటేషన్ నమ్ముకోవద్దు. ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఎన్‌వీఎంఈ తీసుకోండి. పాత హార్డ్ డిస్కు సెకనుకు ఓ 150 ఎంబీ చదివితే, మామూలు ఎన్‌వీఎంఈ 3,500 చదువుతుంది. ఏడు వేలు చదివేవీ ఉన్నాయిగానీ, ఆట తెరుచుకునే వేళ ఆ తేడా మీకు పెద్దగా తెలియదు. ఆ డబ్బు నేను చెప్పబోయేదానికి దాచండి.

ఇదిగో టీ వచ్చింది. ఇక ఆ "ఫ్రీ" మాట దగ్గరికి వద్దాం.

చాలా ఏళ్ల కిందట మా ఇంట్లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఒకటుండేది. దానిక్కూడా ఎస్‌ఎంపీఎస్ కేబినెట్‌తో పాటే వచ్చింది. పైన 450 వాట్స్ అని స్టిక్కరు ఉంది, చేతిలోకి తీసుకుంటే మాత్రం ఖాళీ డబ్బాలా తేలిపోయింది. ఓ ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ఢబ్‌మని ఓ శబ్దం, ఆ వెంటనే కమురు వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోయుంటే ఇవాళ మీకు చెప్పేవాణ్ణి కాను. అది పోతూ పోతూ మదర్‌బోర్డునీ హార్డ్ డిస్కునీ తీసుకుపోయింది. ఆ డిస్కులో మా అమ్మ చివరి సంక్రాంతి ఫోటోలున్నాయి. ముగ్గు వేస్తూ తలెత్తి చూసిన ఫోటో ఒకటి. దానికి వేరే కాపీ లేదు.

అందుకే ఎస్‌ఎంపీఎస్ మీద ఎవరేం తగ్గించమన్నా నేను తగ్గించను. లెక్క చూడండి. ఆర్‌టీఎక్స్ 5060 కార్డు 145 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 90 దాకా. బోర్డు, ఫ్యాన్లు, డిస్కు కలిపి ఇంకో 50. మొత్తం 300 లోపే. అలాంటప్పుడు 550, 650 ఎందుకని అడుగుతారు. కార్డులు క్షణకాలం పాటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి. సగం లోడు మీద నడిచే ఎస్‌ఎంపీఎస్ చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. రేపు పెద్ద కార్డు పెట్టినా మార్చక్కర్లేదు. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్న ముద్రలు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తాయి. ఓల్టేజీ ఎగిసినప్పుడో షార్టయినప్పుడో తనంతట తాను ఆగిపోయే రక్షణలున్నాయో లేదో ఆ ముద్ర చెప్పదు. దానికి మంచి రివ్యూలు చూడండి, అయిదేళ్ల వారంటీ ఇచ్చేది అడగండి.

మర్నాడు సీటీసీకి పోలేదు. ముందు అక్కా వాళ్లింటికి వెళ్లాను, కంప్యూటర్ పెట్టబోయే గోడ చూద్దామని. ఆ ప్లగ్గులోనే పాత కంప్యూటర్ నడుస్తోంది. దాని ఇనుప డబ్బా మీద వేళ్ల వెనక భాగం ఆనించాను. సన్నగా జివ్వుమంది, చీమలు పాకినట్టు. "అదెప్పుడూ అంతేరా, చెప్పులేసుకుని కూర్చుంటాను" అంది అక్క, ఏళ్ల తరబడి అలవాటైన గొంతుతో.

అది అలవాటు చేసుకోవాల్సింది కాదండీ. ఎస్‌ఎంపీఎస్ గుమ్మంలో చిన్న కెపాసిటర్లుంటాయి, అవి ఫేజునీ న్యూట్రల్‌నీ డబ్బా ఇనుముతో కలుపుతాయి. వాటిలోంచి కారే కాస్త కరెంటు ఎర్త్ తీగ గుండా నేలలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే డబ్బా 230లో సగం, అంటే 115 ఓల్టుల దగ్గర వేలాడుతుంది. కారే కరెంటు కొంచెమే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. నిజంగా లోపల తీగ తెగి డబ్బాకి తగిలిన రోజున మాత్రం ఆ కరెంటుకి మనిషి తప్ప దారి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ప్లగ్గు విప్పితే మూడో రంధ్రం వెనక తీగే లేదు. కొత్తగా ఎర్త్ లాగించాం, పక్కనే యూపీఎస్‌కి చోటు చూశాం. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది, గేమింగ్ కంప్యూటర్‌కి అది మరీ ఇరుకు. 1000 వీఏ పైన చూడండి.

ఆ తర్వాతే సీటీసీ. అక్కడ చేయాల్సింది తేలికే. రెండు మూడు షాపుల్లో కొటేషన్ తీసుకోండి. "బిల్లు లేకుండా అయితే తగ్గుతుంది అన్నా" అనే మాట ఎక్కడ వినబడినా, 18 శాతం జీఎస్టీ మిగులుతుందని మురిసిపోవద్దు. వారంటీకి ఆ బిల్లే ఆధారం. ప్రాసెసర్ సీలున్న పెట్టెలోదే తీసుకోండి, విడిగా ట్రేలోది వద్దు. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించండి. కేబినెట్ ముందువైపు అద్దం కాకుండా జాలీ ఉన్నది చూడండి. మన మే నెల ఎండలో గది గాలే 40కి చేరితే, లోపలికి గాలాడని డబ్బా ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పాలా?

ఆదివారం ఇంట్లోనే బిగించాం. ప్రాసెసర్ మూల మీద చిన్న బంగారు త్రికోణం ఉంటుంది, బోర్డు మీద త్రికోణంతో అది కలిస్తే చిప్పు తనంతట తనే కూర్చుంటుంది, నొక్కనే అక్కర్లేదు. ర్యామ్ మాత్రం టక్‌మనే దాకా నొక్కాలి, నాలుగు గాడులున్న బోర్డైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో గాడిలోనూ నాలుగో గాడిలోనూ. మానిటర్ తీగ మదర్‌బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. విండోస్ వచ్చాక సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకోవాలి, లేకపోతే తెర 60 దగ్గరే ఉండిపోవచ్చు. ఇవన్నీ వాడి చేతే చేయించాను.

మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు వాడి కళ్లు తెర మీదున్నాయి. అక్క మాత్రం చెప్పులు విప్పి పక్కన పెట్టి, వచ్చి కేబినెట్ మీద చెయ్యి వేసింది. అలాగే ఉంచింది కాసేపు. "ఏం లేదురా, చల్లగా ఉంది" అంది. ఆ సాయంత్రమే బావ ఫోటోలన్నీ రెండు చోట్ల కాపీ చేయించాను.

వాన తగ్గినట్టుంది. వెళ్లేముందు ఇంకో టీ తాగండి. ఇంటికెళ్లాక మీ కంప్యూటర్ డబ్బా మీద మీరూ ఓసారి వేళ్ల వెనక భాగం ఆనించి చూడండి. జివ్వుమంటే, కొత్త కార్డు సంగతి వచ్చేవారం చూసుకోవచ్చు.