పాము కనిపిస్తే చెప్పినట్టే

మా కోయ గూడేల్లో పిల్లలకు జాగ్రత్తలు పాఠంలా చెప్పరు, పనిలో నేర్పుతారు. ఇప్పపూల కాలంలో తెల్లవారకముందే చెట్ల కిందికి వెళ్తాం. ఆ పూలంటే ఎలుగుబంటికీ ఇష్టమే. అందుకే ఒంటరిగా పోకూడదు, మాట్లాడుకుంటూ పోవాలి. వాగు నీళ్లు ఎర్రబడి పెరుగుతుంటే పైన వాన పడిందని గుర్తు, దిగకూడదు. కట్టెల మోపులో చేయి పెట్టేముందు కర్రతో కదిలించాలి. ఏదైనా చూస్తే వెంటనే వచ్చి చెప్పాలి. పాము కనిపించిందని చెప్పిన పిల్లను ఏ తల్లీ "నువ్వెందుకు అటు పోయావు" అని తిట్టదు. ముందు ఆ మాట వింటుంది.

ఇప్పుడు మా పిల్లలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఆశ్రమ పాఠశాలల్లో ఉంటున్నారు. అక్కడ కొన్ని ప్రమాదాలు మనకు తెలిసినవే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను కరిస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. దోమతెర అంచులు పక్క కిందికి దోపుకోవడం, రాత్రి బయటికి పోతే టార్చిలైటు, తోడు ఉండడం అలవాటు చేయాలి. కరిస్తే కోయకూడదు, గట్టిగా కట్టకూడదు. ఎక్కువ కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మనిషి వల్ల వచ్చే ప్రమాదానికి మాత్రం ఇలాంటి గుర్తులు ఉండవు. అతను తెలిసినవాడే కావచ్చు, పిల్లలు గౌరవించేవాడే కావచ్చు. "పెద్దవాళ్లు చెప్పినట్టు విను" అని చెప్పే ప్రతి ఇంట్లో ఇంకో మాట కూడా చెప్పాలి: "నీకు నచ్చకుండా నీ ఒంటిని ఎవరైనా తాకితే, ఎంత పెద్దవాడైనా వద్దను. అక్కడి నుంచి వచ్చెయ్. వచ్చి చెప్పు. ఎవరికీ చెప్పొద్దన్నారంటే, అదే ముందు చెప్పు." ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ చెప్పాలి.

ఈ మాట ఇంటి భాషలోనే చెప్పాలి. ఒంటి భాగాల పేర్లు, భయం, సిగ్గు మా పిల్లలకు ముందు కోయలోనే తెలుస్తాయి. తెలుగులో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్న పిల్లను చూసి బాగానే ఉందనుకుంటారు. అందుకే వేసవి సెలవుల్లో మేము పిల్లలతో కూర్చుని ఒక్కటే అడుగుతాం: ఏదైనా జరిగితే ఎవరికి చెప్తావు? ఇంట్లో ఒకరు, బడిలో ఒకరు, ఊళ్లో ఒకరు, మూడు పేర్లు చెప్పించుకుంటాం. 1098 నంబరు ఆటలా కంఠస్థం చేయిస్తాం. ఆ ఫోనుకు డబ్బులు పడవు, పగలూ రాత్రీ పలుకుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం కూడా నేరమే. పిల్ల పేరు బయటపెట్టకూడదు. బడి పరువు కోసమో, ఊరి పరువు కోసమో పంచాయితీ పెట్టి డబ్బుతో సర్దేసే విషయం కాదిది.

జూన్‌లో బడులు తెరిచేముందు ప్రతి ఇంట్లో ట్రంకు పెట్టె సర్దుతాం. బట్టలు, సబ్బు, పుస్తకాలు పెట్టేటప్పుడే ఆ మూడు పేర్లు పిల్ల నోట ఇంకోసారి పలికిద్దాం. ఆ ముగ్గురిలో మన పేరు ఉంటే, పిల్ల చెప్పిన రోజు ముందు విందాం.