అడుగు బోల్టు

ఇసుకలోను బురదలోను పోవు నాలుగు చక్రముల ఏ.టి.వి. బండికి, పాత చమురు దించుటకై, ఇంజను అడుగున డ్రెయిన్ బోల్టు కలదు. అచట చమురు బొట్టుబొట్టుగా కారుచున్నచో పానా పట్టి మరింత బిగింపవలెనని ఎవరికైనను తోచును. ఆపద అచటనే యున్నది! బోల్టు ఉక్కుది, ఇంజను పెట్టె మెత్తని అల్యూమినియముది. మోటుబలమునకు లోపలి మరలు తెగును; త్రోవలో చమురంతయు కారిపోయినచో పిస్టను సిలిండరులో బిగిసిపోయి ఇంజనే పాడగును.

తొలుత అనుమానింపవలసినది వాషరును. రాగితోనో అల్యూమినియముతోనో చేసిన ఆ బిళ్ళ నలిగి సందును పూడ్చును. ఒకసారి నలిగినదానినే తిరిగి వేయుట పిసినారితనము. చమురు దించి, క్రొత్త బిళ్ళ వేసి, బోల్టును తిరిగినంతమేర వ్రేళ్ళతోనే త్రిప్పవలెను. పానా ఆ పిమ్మట. బిగువు ఎంతయో బండితో వచ్చిన పుస్తకమే చెప్పును. మరలే తెగినచో క్రొత్తవి కోసి ఉక్కు చుట్టను అమర్చుదురు. పిదప చమురు పోసి, ఇంజనును కొంతసేపు నడిపి, బోల్టు చుట్టును పొడిగుడ్డతో తుడిచి చూతురు.