పిల్లగాడు మొద్దు కాదు, బోర్డు కనవడ్తలేదు

అన్నలూ, అక్కలూ, ఇయ్యాల మక్కల రేటు గురించి రాస్తలేను. మీ ఇంట్ల గోడకు క్యాలెండర్ ఉంటది గదా, ముందుగాల దాంతోని ఒక పని చేయండి. బడికి పోయే పిల్లలను పది అడుగుల దూరంల నిలవెట్టి, ఒక కన్ను అరచేత్తోని మూయించి తారీఖులు చదివించండి. తర్వాత రెండో కన్ను. రెండు కండ్లు తెరిచి చదివిస్తే లాభం లేదు, మంచి కన్ను చెడ్డ కన్నును దాస్తది. ఏ కంటితోని తడవడినా డాక్టరుకు చూపెట్టాలె.

ఎందుకు చెప్తున్ననంటే, మా నారాయణరావుపేటల మా పాలోళ్ళ పిల్లగాడు ఒకడున్నడు, మూడో తరగతి. బోర్డు మీదిది రాయడు, పక్కపిల్లగాని నోట్‌బుక్కు చూసి రాస్తడు. ఇంట్ల మొద్దు అన్నరు. టీవీకి ముక్కు ఆనిచ్చి కూసుంటే అదొక పిచ్చి అన్నరు. బడిల కండ్లు చూసిన నాడు కుడి కన్నుతోని రెండు మూడు వరుసలు చదివిండట, ఎడమ కన్నుతోని పైనున్న పెద్ద అక్షరం గూడ చెప్పలే. మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదురా అంటే, "అందరికి గిట్లనే కనవడ్తది అనుకున్న" అన్నడు. పుట్టినకాంచి మసకనే చూసినోడు ఇది మసక అని ఎట్ల చెప్తడు? అద్దాలు వచ్చినంక మా పొలం కాడ కరెంటు తీగ మీద పిట్టలను లెక్కవెడ్తుండె.

ఇందులో ఒక అదును ఉన్నది, రైతులకు చెప్పనక్కర లేదు. ఒక కన్ను బాగా మసకగుంటే మెదడు దాన్ని పక్కకు పెట్టి మంచి కన్నుతోనే పని ఎల్లదీస్తది. అట్ల కొన్నేండ్లు పోతే తర్వాత అద్దాలు పెట్టినా ఆ కన్నుకు పూర్తి చూపు రాదు. ఏడెనిమిదేండ్ల లోపు అయితే అద్దాలు ఇచ్చి, మంచి కన్నుకు రోజుకు కొన్ని గంటలు పట్టీ కట్టి, బద్ధకపు కన్నుతోని పని చేయిస్తరు. పెద్దయినంక గూడ ప్రయత్నం చేస్తరు గని ఫలితం తక్కువ. మెల్లకన్ను అదృష్టం అని ఊకునేటోళ్ళకు గూడ ఇదే మాట.

అద్దాలు పెడితే నంబరు పెరుగుతది అనేది ఉత్త మాట. పిల్ల పెరిగినకొద్ది కంటి గుడ్డు పెరిగి నంబరు మారుతది, అద్దాలు పెట్టినా పెట్టకపోయినా. ఇంకొందరు ఆడపిల్లకు అద్దాలంటే రేపు సంబంధాలు రావంటరు. నాకైతే కోపమొస్తది. బోర్డు కనవడని పిల్ల చదువు మానేస్తే ఏ సంబంధం వస్తది?

సెల్లు గుంజుకునుడు ఒక్కటే సరిపోదు, ఎండల ఆడాలె. చైనాల గ్వాంగ్‌జౌ పట్నంల ఒకటో తరగతి పిల్లలను రోజుకు 40 నిమిషాలు ఎక్కువ బయట తిప్పిండ్రు. మూడేండ్లకు చూస్తే మామూలు బడులల్ల వందల 40 మందికి దూరం చూపు తగ్గింది, బయట తిప్పిన బడులల్ల 30 మందికి. మన పిల్లలకు జాగకు కొదువనా?

కంటివెలుగు చేసిండ్రు గదా అంటరేమో. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్ల మొదలైనప్పుడు అందరినీ చూసిండ్రు. 2023 జనవరిల మొదలైన రెండో విడత 18 ఏండ్లు నిండినోళ్ళకు. పిల్లల కోసం 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉన్నది, ఏడాదికోసారి సర్కారు బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి డాక్టర్ల బృందం రావాలె. వచ్చిన రోజు మీ పిల్ల బడికి పోకపోతే ఆ ఏడు పోయినట్టే. అందుకని సారును అడగండి, ఈసారి బృందం వచ్చిందా, మా పిల్ల పేరు రాసుకున్నరా అని. రాలేదంటే సిద్దిపేట పెద్ద దవాఖానకు మీరే తోల్కపోండి.